శని చిత్రాలకు మన చేతులతో రంగు తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాసా వారి కస్సీని అంతరిక్ష నౌక 2004 జులై నుంచి 2017 సెప్టెంబరు 15 వరకు శని చుట్టూ తిరిగింది. ఆ ప్రయాణంలో నాలుగున్నర లక్షలకు పైగా చిత్రాలు తీసింది. పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ మనం చూసినవి వాటిలో పిడికెడు మాత్రమే. మిగిలినవన్నీ నలుపు తెలుపు ఫైళ్లుగా అందరికీ తెరిచి ఉన్నాయి. వాటిని దించుకుని, శుభ్రం చేసి, కలిపి, రంగు చిత్రాలుగా మలిచే ఔత్సాహికులు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు నన్ను అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

శాస్త్రవేత్తలు చూసేసిన చిత్రాలే కదా, మళ్లీ మనం చేసేదేముంది?

శాస్త్రవేత్త ఒక చిత్రాన్ని ఒక ప్రశ్నతో తెరుస్తారు. వలయం అంచు ఎంత ఎత్తు లేచింది, ఫలానా మేఘం ఎంత వేగంతో కదిలింది అన్నది వారికి కావాలి. కొలత దొరికితే ఆ ఫైలుతో వారి పని తీరుతుంది. అది చూడ్డానికి ఎలా ఉంటుందన్నది వారి ప్రశ్న కాదు. అందుకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు మూడింటితోనూ తీసి ఉన్నా, కలిపి రంగు చిత్రంగా ప్రచురించిన జాడ కనిపించని వరసలు ఇప్పటికీ తగులుతుంటాయి. అలాంటి వరస ఒకటి కలిపినప్పుడు, నౌక పక్కన నిలబడి ఉంటే మన కళ్లకు కనిపించేదానికి దగ్గరి దృశ్యం మొదటిసారి తెర మీదికి వస్తుంది. ఏళ్లు గడిచినా ఆ క్షణం నాకు పాతబడలేదు.

ఖగోళశాస్త్రం చదివి ఉండాలా?

అక్కర్లేదు. ఓపిక ఉండాలి, కొలతల మీద గౌరవం ఉండాలి. మామూలు కంప్యూటర్ చాలు. బొమ్మలు దిద్దే జింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టవచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం వస్తే పని తేలికవుతుంది.

కస్సీని కెమెరాలు రంగులో తీసేవి కావా?

కావు. నౌకలో రెండు కెమెరాలు ఉండేవి. ఒకటి 2 మీటర్ల నాభ్యంతరం ఉన్న నారో యాంగిల్ కెమెరా, అంటే నిజానికి ఒక దూరదర్శిని. రెండోది 20 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న వైడ్ యాంగిల్ కెమెరా. దీని కటకాలు అంతకుముందు శనిని దాటిపోయిన వాయేజర్ నౌకల కోసం తయారుచేసిన వాటిలో మిగిలినవి. రెండింటి సెన్సరూ 1024 × 1024 పిక్సెళ్లదే, రెండూ వెలుగు ఎంత పడిందో మాత్రమే చెబుతాయి.

మన ఫోను సెన్సరులో ప్రతి పిక్సెల్ మీదా ఎరుపో ఆకుపచ్చో నీలమో ఒక సన్నని పొర ఉంటుంది. రంగు వెంటనే వస్తుంది, కానీ ఏ పిక్సెలూ ఒకే రంగును తప్ప చూడదు. మిగతా రెండూ పక్కవాటి నుంచి అంచనా కట్టినవే. కస్సీనిలో అలా కాకుండా సెన్సరు ముందు రెండు చక్రాలు ఉండేవి, వాటిలో ఫిల్టర్లు బిగించి ఉండేవి. నారో యాంగిల్ కెమెరా చక్రాల్లో 24, వైడ్ యాంగిల్ చక్రాల్లో 18 స్థానాలు. చక్రం తిప్పి ఎరుపులో ఒకటి, మళ్లీ తిప్పి ఆకుపచ్చలో ఒకటి, నీలంలో ఒకటి తీస్తుంది. ప్రతిసారీ సెన్సరు మొత్తం ఆ ఒక్క రంగు కోసమే పనిచేస్తుంది. పైగా కంటికి ఆనని అతినీలలోహిత, పరారుణ కాంతులకూ, మీథేన్ వాయువు వెలుతురును పీల్చుకునే తరంగదైర్ఘ్యాలకూ విడివిడిగా ఫిల్టర్లున్నాయి. ఫోనులాంటి రంగు సెన్సరుతో సరిపెట్టుకుని ఉంటే కోల్పోయేదంతా ఆ చక్రాల వల్ల మనకు దక్కింది.

ముడి ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయి?

రెండు చోట్ల, రెండు రకాలుగా. ఈ తేడా మొదటి రోజే తెలుసుకోవాలి.

మొదటి రకం, నౌక పనిచేస్తున్న రోజుల్లో భూమికి చేరిన వెంటనే నాసా వెబ్‌సైటులో పెట్టిన జేపీఈజీ చిత్రాలు. చూడటానికి ఇవి బాగానే ఉంటాయి. అయితే ప్రతి చిత్రంలోనూ అతి చీకటి భాగం నలుపుగా, అతి వెలుగు భాగం తెలుపుగా అయ్యేలా యంత్రమే వెలుగును సాగదీసింది, అదీ దేనికది విడిగా. అందువల్ల ఎరుపు చిత్రంలోని వెలుగునూ నీలం చిత్రంలోని వెలుగునూ పోల్చే ఆధారం పోయింది. వీటిని కలిపితే వచ్చే రంగు అందంగా ఉండవచ్చు, కానీ అది శని రంగు కాదు.

రెండో రకం, ప్లానెటరీ డేటా సిస్టమ్ అనే నాసా భాండాగారంలో ఉన్న అసలు దత్తాంశం. ఇక్కడ 12 బిట్ల లోతు నిలిచి ఉంటుంది, అంటే నలుపు నుంచి తెలుపు వరకు 4096 మెట్లు. జేపీఈజీలో 256 మెట్లే. శని వలయాల విభాగాన్ని సెటి ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది, వారి వెతుకుడు సాధనం పేరు ఓపస్. తేదీ, కెమెరా, ఫిల్టరు, లక్ష్యం, దూరం దేనితోనైనా జల్లెడ పట్టవచ్చు. కెమెరా లోపాలు సవరించిన కాలిబ్రేటెడ్ ఫైళ్లు కూడా అక్కడే దొరుకుతాయి. కొత్తవారు నేరుగా వాటినే తీసుకోవడం మంచిది.

ఫైలు తెరుచుకోవడం లేదు.

అవి ఐఎంజీ ఫైళ్లు, వైకార్ అనే పాత పద్ధతిలో ఉంటాయి. అది కస్సీనిని నడిపిన నాసా కేంద్రం జేపీఎల్ పద్ధతి. మామూలు బొమ్మల సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తించదు. జీడాల్ అనే ఉచిత ప్రోగ్రామింగ్ లైబ్రరీ చదవగలదు. పైథాన్‌తో తెరిచి 16 బిట్ల టిఫ్‌గా మార్చుకుంటే జింప్‌లోకి తెచ్చుకోవచ్చు. పక్కనే ఉండే ఎల్‌బీఎల్ ఫైలును, అంటే లేబుల్‌ను, పారేయవద్దు. ఏ క్షణంలో, ఏ ఫిల్టరుతో, ఎంతసేపు వెలుగు పట్టారో అందులో అక్షరాల్లో రాసి ఉంటుంది. ఫైలు పేరులో మొదటి అక్షరం ఎన్ అయితే నారో, డబ్ల్యూ అయితే వైడ్. తర్వాత వచ్చే అంకెలు నౌక గడియారంలోని సెకన్లు.

మొదటి చిత్రంగా ఏది ఎంచుకోవాలి?

వైడ్ యాంగిల్ కెమెరాతో దూరం నుంచి తీసిన శని. గ్రహం మొత్తం ఒకే చట్రంలో ఉండాలి. దూరం ఎంత కావాలో లెక్క కట్టవచ్చు. ఈ కెమెరా చూపు వెడల్పు 3.5 డిగ్రీలు. శని భూమధ్యరేఖ వ్యాసం సుమారు 1,20,500 కిలోమీటర్లు. అది చట్రంలో ఇమడాలంటే నౌక కనీసం 20 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండాలి. వలయాలు కూడా మొత్తం రావాలంటే 45 లక్షలు.

కొద్ది నిమిషాల తేడాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో తీసిన మూడు కాలిబ్రేటెడ్ ఫైళ్లు ఎంచుకోండి. ఈ ఫైళ్లలో ఉండే సంఖ్య, పడిన సూర్యకాంతిలో ఎంత వంతు తిరిగి వచ్చిందో చెప్పే నిష్పత్తి. మూడింటినీ ఒకే గుణకంతో హెచ్చించండి. ఒక్కోదానికి ఒక్కో గుణకం వాడితే జేపీఈజీలో జరిగిన తప్పే మళ్లీ జరుగుతుంది. తర్వాత మూడింటినీ ఒకే చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలుగా పెట్టండి, గ్రహం అంచు ఆధారంగా జరిపి సరిపెట్టండి. ఈ సంఖ్యలు వెలుగుకు నేరుగా అనులోమంగా ఉంటాయి కాబట్టి తెర మీద చిత్రం చీకటిగా కనిపిస్తుంది. చీకటి, మధ్యస్థ వెలుగులను పైకి లేపే గామా సవరణ తెరకు తగినట్టు ఇస్తే తేరుకుంటుంది. అప్పుడు మెత్తని గంధం రంగులో ఒక గోళం కనిపిస్తే మీరు సరైన దారిలోనే ఉన్నట్టు.

ఆ గంధం రంగు చప్పగా ఉందని చాలామంది గాఢతను పెంచేస్తారు. దయచేసి ఒక రోజు ఆగండి. మర్నాడు మళ్లీ చూడండి. ఆ మెత్తదనంలోనే సన్నని పట్టీలు ఎన్ని ఉన్నాయో కన్ను అలవాటుపడ్డాక కనిపిస్తాయి.

రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చోవడం లేదు. ఎందుకు?

మూడు చిత్రాలూ ఒకే క్షణానివి కావు. మధ్యలో అన్నీ కదిలాయి. నౌక కదిలింది, గ్రహం తిరిగింది, ఉపగ్రహాలు కక్ష్యలో ముందుకు పోయాయి.

శని పదిన్నర గంటలకు కాస్త అటూ ఇటూగా ఒక చుట్టు తిరుగుతుంది. అంటే మధ్యరేఖ దగ్గర మేఘాలు సెకనుకు దాదాపు 10 కిలోమీటర్లు జరుగుతాయి. 10 లక్షల కిలోమీటర్ల నుంచి వైడ్ యాంగిల్ కెమెరాలో ఒక పిక్సెల్ 60 కిలోమీటర్లు, నారో యాంగిల్‌లో 6 కిలోమీటర్లు. ఫిల్టరు మార్చడానికి ఒక నిమిషం పట్టిందనుకుంటే మేఘం 600 కిలోమీటర్లు జరిగింది. వైడ్‌లో అది 10 పిక్సెళ్లు, నారోలో ఏకంగా 100. గ్రహం అంచులు సరిపోయినా మేఘాల చుట్టూ రంగు అంచులు రావడానికి కారణం ఇదే. వలయాల్లోని రేణువులు ఇంకా వేగంగా పోతాయి. అయితే వలయం తన పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి కదలిక కనబడదు.

ఉపగ్రహం ఒక్కటే పక్కకు జరిగితే దాన్ని వేరే పొరగా కత్తిరించి, మూడు రంగుల్లోనూ విడిగా సరిపెట్టి, ఒక ఫిల్టరు చిత్రంలో అది ఉన్న చోటనే ఉంచాలి. అందరూ చేసేదే ఇది, తప్పు కాదు. చేసినట్టు రాయకపోవడమే తప్పు. ఉపగ్రహాన్ని వలయానికి మరింత దగ్గరగా, ఇంకా అందమైన చోటికి జరిపితే మాత్రం అది చిత్రలేఖనం అవుతుంది.

ఆకుపచ్చ ఫిల్టరు చిత్రమే లేదు. ఏం చేయాలి?

తరచుగా జరిగేదే. ఎరుపు, నీలం సగటుతో ఆకుపచ్చను అంచనా కట్టవచ్చు. శని విషయంలో ఈ ఉపాయం మోస్తరుగా పనిచేస్తుంది. పరారుణం, ఆకుపచ్చ, అతినీలలోహితం ఉన్న వరసలు మంచు ఉపగ్రహాలకు చాలా దొరుకుతాయి. వాటిని కలిపితే ఉపరితలంలో కంటికి తెలియని తేడాలు పైకి తేలుతాయి. చిత్రం కింద ఆ మాట రాస్తే చాలు.

ఇంతకీ శని నిజమైన రంగు ఏది?

అందరూ అడిగేది ఇదే. వాదనలు ఎక్కువ నడిచేదీ దీని మీదే.

కస్సీని ఎరుపు ఫిల్టరు సుమారు 650, ఆకుపచ్చ 570, నీలం 450 నానోమీటర్ల దగ్గర కేంద్రీకృతమై ఉంటాయి. మన కంట్లోని గ్రాహకాలు అచ్చంగా వీటినే చూడవు, వాటి పరిధి వెడల్పు, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి ఫిల్టర్లను నేరుగా పేర్చిన చిత్రం కంటి రంగుకు దగ్గరి బంధువు, కవల కాదు. శని వెలుగు ఒక్కో తరంగదైర్ఘ్యంలో ఎంతో తెలిసి ఉంటే ఇంకా దగ్గరికి పోవచ్చు. అయినా తెర మారితే రంగు మారుతుంది. అందుకే నేను ‘నిజమైన రంగు’ అనే మాట వాడను, ‘సహజ రంగుకు దగ్గరగా’ అని రాస్తాను.

ఇంత పట్టుదల ఎందుకంటే శని రంగు స్థిరమైనది కాదు. కస్సీని చేరుకున్నప్పుడు ఉత్తరార్ధంలో చలికాలం. వలయాల నీడలు అక్కడ పడుతుండేవి, ఆ ఆకాశం నీలంగా ఉండేది. 2009 ఆగస్టులో సూర్యుడు శని మధ్యరేఖకు నేరుగా వచ్చిన విషువత్తు దాటి ఎండ పెరిగేకొద్దీ పొగమంచు కమ్మి నీలం తగ్గింది. ఉత్తర ధ్రువం దగ్గరి షట్కోణ మేఘవలయం లోపలి భాగం 2012 నుంచి 2016 మధ్య నీలి ఛాయ నుంచి బంగారు ఛాయకు మారింది. ఇది ఒక గ్రహం మీద రుతువు మారడం. మనం ప్రతి చిత్రాన్నీ దేనికది ముచ్చటగా సాగదీసుకుంటే ఈ మార్పు మన చేతులతోనే చెరిగిపోతుంది. ఒకే పద్ధతిలో, ఒకే గుణకాలతో చేసిన పది చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి, రుతువు కనిపిస్తుంది.

చిత్రం నిండా తెల్ల చుక్కలు, వలయాల్లాంటి మచ్చలు, అడ్డ చారలు ఉన్నాయి. అన్నీ తుడిచేయవచ్చా?

ముందు ఏది ఏమిటో తెలుసుకోవాలి. గుండ్రటి లేత మచ్చలు కెమెరా లోపలి దుమ్ము నీడలు. ఎప్పుడూ అదే చోట ఉంటాయి, కాలిబ్రేటెడ్ ఫైళ్లలో చాలావరకు పోతాయి. చీకటి చిత్రాల్లో కనిపించే సన్నని అడ్డ చారలు విద్యుత్ రొద. చదరపు గళ్లు కనిపిస్తే ఆ చిత్రాన్ని నౌకలోనే నాణ్యత తగ్గించి కుదించారని అర్థం. లేబుల్‌లో ఆ సంగతి ఉంటుంది. అలాంటి చిత్రాన్ని పదును పెడితే గళ్లే పైకి వస్తాయి.

తెల్ల చుక్కల విషయంలో జాగ్రత్త. చాలావరకు అవి సెన్సరును తాకిన కాస్మిక్ కిరణాలు, తుడిచేయవచ్చు. కానీ అన్నీ కావు. నేను మొదట చేసిన వలయాల చిత్రంలో వలయం అంచున ఉన్న చుక్కను మిగతావాటితో పాటు తుడిచాను. వారం తర్వాత పక్క ఫిల్టరు ఫైలు తెరిస్తే అదే చుక్క కొద్దిగా జరిగి అక్కడా ఉంది. అది ఒక చిన్న ఉపగ్రహం. ఆ రోజు నుంచి నాకొక నియమం ఉంది. ఒక్క ఫైలులోనే ఉంటే కాస్మిక్ కిరణం. అన్ని ఫైళ్లలో తన దారిన కదులుతుంటే ఉపగ్రహం. మిగతా చుక్కలన్నిటితో కలిసి ఒకేలా జరిగితే నక్షత్రం. మూడు ఫైళ్లూ చూడకుండా ఒక్క చుక్కనూ తుడవను.

ఎన్సెలాడస్ నీటి ఊటలు నా చిత్రంలో ఎందుకు కనిపించడం లేదు?

వెలుగు ఎటు నుంచి పడుతోందో చూడండి. ఎండపొడలో ఎగిరే దుమ్ము, సూర్యుడి వైపు చూస్తేనే మెరుస్తుంది కదా, ఇదీ అంతే. 504 కిలోమీటర్ల వ్యాసం ఉన్న ఈ మంచు ఉపగ్రహం దక్షిణ ధ్రువం నుంచి ఎగజిమ్మే మంచు రేణువులు అతి సన్ననివి. సూర్యుడు ఎన్సెలాడస్ వెనక ఉండి, అది సన్నని నెలవంకగా కనిపించే చిత్రాలు వెతకండి. నెలవంక తెల్లగా పేలిపోయినా పరవాలేదు, చీకటి వైపు వెలుగును మెల్లగా పెంచండి. 2005లో మొదట అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం ఇక్కడ ఏదో ఉందని సూచించింది. ఆ నవంబరులో ఇలా వెనక వెలుగుతో తీసిన చిత్రాల్లోనే ఊటలు స్పష్టంగా కంటపడ్డాయి. ఆ ఫైళ్లు మీరూ తెరవవచ్చు.

టైటాన్ ఎప్పుడూ నారింజ బంతిలాగే వస్తోంది.

శని ఉపగ్రహాల్లో అతి పెద్దదైన టైటాన్ కంటికి అలాగే ఉంటుంది. దట్టమైన పొగమంచు నేలను కప్పేస్తుంది. 938 నానోమీటర్ల పరారుణ ఫిల్టరుతో తీసినవి ఎంచుకోండి. ఆ కాంతి పొగమంచులోంచి కొంత దూరిపోగలదు, మసకగా నేల కనిపిస్తుంది. ఒకే సమయంలో తీసిన చిత్రాలు నాలుగైదు సగటు చేస్తే ఇంకాస్త తేటపడుతుంది.

ఇయాపెటస్ సగం కనిపిస్తే సగం పోతోంది!

ఈ ఉపగ్రహం ఒక ముఖం బొగ్గులా నలుపు, ఇంకో ముఖం మంచులా తెలుపు. అసలు స్వభావమే అది. రెండూ స్పష్టంగా కావాలంటే రెండు వెలుగుల్లో రెండు ప్రతులు చేసి కలపండి. 2007 సెప్టెంబరు 10న నౌక దగ్గరగా వెళ్లినప్పటి చిత్రాలు దీనికి మంచివి.

పెద్ద అతుకుల చిత్రాలు ఎలా చేస్తారు?

నౌక దగ్గరగా ఉన్నప్పుడు శని చట్రంలో పట్టదు కాబట్టి ముక్కలుగా తీసేవారు. 2006 సెప్టెంబరు 15న శని నీడలో ఉండి దాదాపు మూడు గంటల్లో తీసిన 165 చిత్రాలతో ఒకటి, 2013 జులై 19న మళ్లీ శని వెనక నుంచి తీసిన 323 చిత్రాల్లో 141 తీసుకుని ఇంకొకటి కెమెరా బృందం కూర్చింది. ఆ రెండో దానిలో దాదాపు 144 కోట్ల కిలోమీటర్ల దూరాన భూమి నీలి చుక్కగా ఉంది.

ఇది ఆరంభంలో చేయదగ్గ పని కాదు. ముక్కకూ ముక్కకూ మధ్య నౌక కదులుతుంది, వలయాల కోణం మారుతుంది, వెలుగు మారుతుంది. పనోరమా సాఫ్ట్‌వేర్ అంతా ఒక్క చోట నుంచే చూస్తున్నామని అనుకుంటుంది, అందుకే వంకరలు వస్తాయి. నౌక ఏ క్షణాన ఎక్కడ ఉందో చెప్పే స్పైస్ ఫైళ్లను నాసా ఉచితంగా ఇస్తుంది, వాటితో ప్రతి ముక్కనూ గణితంతో సరైన చోటికి చేర్చవచ్చు. ముందుగా రియా లేదా డయోనీ వంటి ఉపగ్రహం మీద నాలుగు ముక్కలతో ప్రయత్నించండి. నా మొదటి నాలుగు ముక్కలకు మూడు ఆదివారాలు పట్టాయి.

వాయేజర్ చిత్రాలు కూడా చేయవచ్చా?

తప్పకుండా. వాయేజర్ 1 శనిని 1980 నవంబరులో, వాయేజర్ 2 1981 ఆగస్టులో దాటాయి. వాటివి విడికాన్ కెమెరాలు, అంటే పాత టీవీ కెమెరాల్లోలాంటి గాజు గొట్టాలతో పనిచేసేవి, 800 × 800 పిక్సెళ్లు. చిత్రం నిండా వరసగా నల్ల చుక్కలుంటాయి. అవి లోపం కాదు, వంకరలు సరిచేయడానికి కావాలని పెట్టిన గుర్తులు. ఎరుపు ఫిల్టరు లేదు, నారింజతో సర్దుకోవాలి. పని ఎక్కువే.

కృత్రిమ మేధతో చిత్రాన్ని పెద్దది చేస్తే వివరాలు పెరుగుతాయి కదా?

పెరగవు, పుట్టుకొస్తాయి. ఆ సాధనాలు వేరే చిత్రాల్లో చూసిన గీతలనూ గుంతలనూ ఇక్కడ గీస్తాయి. ఎన్సెలాడస్ మీద లేని పగులు ఒకటి అలా వచ్చి చేరితే, చూసేవారికి అది ఉన్నదో లేదో తెలిసే దారి ఉండదు. ఎక్కడో చీకట్లో ఒక యంత్రం నిజంగా అందుకున్న వెలుతురు ఈ ఫైళ్లలో ఉంది. దానికి కల్పన కలపడం నాకు సమ్మతం కాదు. మామూలు పద్ధతిలో రెండింతలు పెద్దది చేసుకోండి, అంతవరకు అభ్యంతరం లేదు.

నేను చేసిన చిత్రాన్ని ప్రచురించవచ్చా?

ప్రచురించవచ్చు. ఈ చిత్రాలను వాడుకోవడానికి నాసా సాధారణంగా రుసుమూ అనుమతీ అడగదు. మూలంగా ‘నాసా / జేపీఎల్-కాల్టెక్ / స్పేస్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్’ అని రాసి, రంగు కూర్పు మీదని మీ పేరు చేర్చండి. అక్కడితో ఆగవద్దు. ఫైళ్ల సంఖ్యలు, తేదీ, ఫిల్టర్లు, ఏం జరిపారో, ఏం తుడిచారో రెండు వాక్యాల్లో రాయండి. ఇంకొకరు అవే ఫైళ్లతో మొదలుపెట్టి మీ చిత్రానికి చేరుకోగలగాలి. ఆ రెండు వాక్యాలు లేని చిత్రం ఎంత బాగున్నా నేను దాచుకోను.

కస్సీని లేదు కదా, కొత్త చిత్రాలు ఎక్కడ వస్తున్నాయి?

గురుగ్రహం దగ్గర తిరిగే జూనో నౌకలోని జూనోక్యామ్ ముడి చిత్రాలను ప్రజలు కూర్చేందుకే విడుదల చేశారు. మన ఇస్రో కూడా చంద్రయాన్-2 దత్తాంశాన్ని ప్రదాన్ అనే పోర్టల్ ద్వారా అందిస్తోంది, పేరు నమోదు చేసుకుని దించుకోవచ్చు. శని మీద నేర్చిన పద్ధతులన్నీ చంద్రుడి మీదా పనికొస్తాయి. టైటాన్ మీద ఎగిరే డ్రాగన్‌ఫ్లైని నాసా 2028లో ప్రయోగించాలని అనుకుంటోంది, అక్కడికి చేరేది 2034లో.

కస్సీని తీసిన చివరి చిత్రం ఏది?

2017 సెప్టెంబరు 14న, సుమారు 6,34,000 కిలోమీటర్ల దూరం నుంచి వైడ్ యాంగిల్ కెమెరా తీసినది. శని రాత్రి వైపు అది. సూర్యుడు లేడు, వలయాల నుంచి ప్రతిఫలించిన వెలుగు మేఘాల మీద పడుతోంది. కొన్ని గంటల తర్వాత నౌక దూసుకెళ్లి కాలిపోయిన చోటు ఆ చట్రంలోనే ఉంది. అదే సమయంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతోనూ తీశారు. ఆ మూడింటినీ నేను ఇప్పటికి నాలుగుసార్లు కలిపాను. వలయకాంతి రంగు ఎంతవరకు మేఘాలది, ఎంతవరకు వలయాలది అన్నది ఇంకా తేల్చుకోలేదు. మీరు చేస్తే మీ గుణకాలు రాసి పంపండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.